చక్రాల మీద రుబ్బురోలు

ద్వారకానాథ్ గారికి ఉన్నది ఒక్కటే జబ్బు. మళ్ళీ వెనక్కి తీసుకోలేని పని ఏదీ ఆయన చెయ్యరు.

గోడకి మేకు కొట్టాలన్నా, పెరట్లో మొక్క నాటాలన్నా, పప్పులో ఉప్పు వెయ్యాలన్నా ముందు ఒక ప్రశ్న వేస్తారు. "రేపు తియ్యాలంటే వస్తుందా?" వస్తుందంటే సరే. రాదంటే ఆ పని అక్కడితో ఆగిపోయినట్టే. పప్పులో పడిన ఉప్పు తియ్యాలంటే ఎలాగూ రాదు కనక ఆయన వాటా పప్పు చప్పగానే దించేస్తారు. కంచంలో ఓ మూల ఉప్పు పోసుకుని ముద్దముద్దకీ అద్దుకుని తింటారు. బీపీ ఉందేమోనని చుట్టాలు జాలిపడతారు. బీపీ లేదు, ఏమీ లేదు, గుండ్రాయిలా ఉంటారు.

ఉద్యోగం చూస్తే సిడ్నీలో స్ట్రక్చరల్ ఇంజనీరు. వందేళ్ళు కదలకుండా నిలబడే వంతెనలు ఆయన సంతకం పడితే గానీ లేవవు. ఇంట్లో మాత్రం కుర్చీ కాళ్ళకి స్క్రూలు చివరిదాకా బిగించరు. కొత్తగా వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోగానే అది ఓసారి అటూ ఇటూ ఊగి నమస్కారం పెడుతుంది. పాతవాళ్ళు నేలమీదే కూర్చుంటారు.

కూతురు కిరణ్మయికి చెవులు కుట్టించేనాడు క్లినిక్‌లో పెద్ద విచారణే జరిగింది.

"డాక్టర్, తర్వాత వద్దనుకుంటే ఈ కన్నం పూడుతుందా?"

"పోగు తీసేసి వదిలేస్తే కొన్నాళ్ళకి పూడుకుపోతుంది."

"అయితే కుట్టండి!"

పక్కన పిల్లని పట్టుకుని నిలబడ్డ శేషుకుమారికి అప్పుడే పెద్ద అనుమానం వచ్చింది. పెళ్ళిచూపులనాడు ఈ మనిషి మా నాన్నని పక్కకి తీసుకెళ్ళి ఏమడిగి ఉంటారో!

ఇలాంటి మనిషి ఇల్లెలా కొంటారు చెప్పండి? పాతికేళ్ళు పైబడి సిడ్నీ శివారు టూంగాబీలో అద్దె ఇళ్ళే. గోడలకి మేకులుండవు, అన్నీ జిగురు కొక్కేలే. వాటిమీద పెళ్ళి ఫోటో. సరిగ్గా అతిథి కాఫీ కప్పు పెదాల దాకా తీసుకెళ్ళే సమయానికి వెనక ఫోటో ధడేలుమని కిందపడేది. కాఫీ అతిథి చొక్కా మీద పడేది. కిరణ్మయి పుట్టింది పెరిగింది ఆ చప్పుళ్ళ మధ్యే కనక, పెళ్ళి ఫోటోలనేవి అందరిళ్ళలోనూ పడుతూనే ఉంటాయని స్కూలుకి వెళ్ళేదాకా అనుకునేది.

శేషుకుమారికి నగల మీదా చీరల మీదా మోజు లేదు. ఆవిడకి కావల్సింది ఒక్కటే. ఇక ఇక్కడినుంచి కదలక్కర్లేదు, ఇది మనది అనిపించే చోటు. చైల్డ్‌కేర్ సెంటర్లో పనిచేస్తుంది కనక సగం టూంగాబీ పిల్లలు ఆవిడ ఒళ్ళోనే పెరిగారు. రైల్వేస్టేషన్‌కి నడిచి వెళ్తే దారిలో పదిమంది ఆగి పలకరిస్తారు. కూతురు ఇక్కడే ఉంది. అన్నీ ఇక్కడే ఉన్నాయి. కానీ ఈ మనిషి వాలకం చూస్తుంటే ఆవిడకి గుండెల్లో రాయి పడేది. రిటైరవగానే సొంతూరు కాకినాడ వెళ్ళిపోదామని లోపల ముహూర్తం పెట్టుకున్నట్టున్నారు, అందుకే ఇక్కడ ఏదీ పాతుకోనివ్వడం లేదు! పోనీ అడిగేస్తే సరిపోయేదిగా అంటారా? అడిగితే అవునంటారేమోనని భయం. ఆ భయంతోనే పాతికేళ్ళు నెట్టుకొచ్చింది.

ఈలోగా చుట్టూ ఉన్న కుర్రాళ్ళు ఇళ్ళ మీద ఇళ్ళు కొనేశారు. ఉపేంద్ర అని తెలిసిన కుర్రాడొకడు ఐటీలో ఉన్నాడు. ఉండటానికి ఒక ఇల్లు, అద్దెకివ్వడానికి రెండు, చెప్పుకోవడానికి ఒకటి కొన్నాడు. కనిపించినప్పుడల్లా, "ఏంటంకుల్, ఇంకా రెంటేనా? మార్కెట్ మిస్సైపోతున్నారంకుల్!" అని, రైలు తప్పిపోయిన వాణ్ణి చూసినట్టు చూసేవాడు.

ఆ ఉపేంద్ర ఉండే స్కోఫీల్డ్స్‌లోనే కథ మలుపు తిరిగింది. అక్కడ పాతకాలపు పాడి ఫారం ఒకటి ముక్కలు ముక్కలై కొత్త ఇళ్ళ కాలనీ అయిపోయింది. దారి పొడుగునా ఒకే అచ్చు రెండంతస్తుల ఇళ్ళు, ఒకే బూడిదరంగు గరాజ్ తలుపులు. రాత్రి ఆలస్యంగా వచ్చిన మగాళ్ళు పక్కింటి తలుపు మీద రిమోట్ నొక్కి తిట్లు తిన్న సందర్భాలున్నాయి. వాటన్నిటి మధ్యా రేకుల కప్పుతో, చుట్టూ వరండాతో, ఇటుక గోడలతో ఆ ఫారం తాలూకు అసలు ఇల్లు ఒక్కటీ మిగిలిపోయింది. హెరిటేజ్ లిస్టులో ఉంది. కూల్చకూడదు. చూడ్డానికొచ్చిన మనవాళ్ళంతా స్థలం చుట్టూ తిరిగి, "అబ్బ, ఏం బ్లాకండీ! ఈ ఇల్లొక్కటీ లేకపోతేనా!" అని నిట్టూర్చి వెళ్ళిపోయేవారు.

సరదాగా చూసొద్దామని వెళ్ళారు ద్వారకానాథ్ దంపతులు. ఆ రోజు అక్కడ కౌన్సిల్ తరఫు హెరిటేజ్ సలహాదారు మెరిల్ ఉంది. పొడుగాటి మనిషి, మెళ్ళో కళ్ళజోడు, కాళ్ళకి మట్టి బూట్లు. కొనాలనుకునేవాళ్ళని ముందే బెదరగొట్టడం ఆవిడకి అలవాటు.

"ఈ ఇంటిని సింపథెటిక్‌గా, అంటే పాత ఇంటి మీద సానుభూతితో, బాగుచేసుకోవాలి. మీరు కొత్తగా ఏం పెట్టినా రేపెవరైనా తీసెయ్యాలంటే పాత ఇంటికి గీత పడకుండా రావాలి. ఒప్పుకుంటేనే కొనండి," అంది కఠినంగా.

ద్వారకానాథ్ గారు ఆవిడ వైపు రెప్ప వెయ్యకుండా చూశారు. "ఇంకోసారి చెప్పండి," అన్నారు.

ఆవిడ చెప్పింది. ఈయన కళ్ళు చెమర్చాయి. పెళ్ళిలో మంత్రాలు వింటున్నప్పుడు కూడా ఆ మొహం అలా వెలగలేదని శేషుకుమారి ఇప్పటికీ అంటుంది. తన జబ్బుకి ఒక దేశపు ప్రభుత్వం చట్టం చేసి పెట్టిందని తెలిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఇల్లు కొనేశారు.

శేషుకుమారికి నేల మీద కాళ్ళు ఆనలేదు. కొన్నారు, ఇక కదలరు, కాకినాడ లేదు ఏమీ లేదు అనుకుంది. ఆ సంబరం పాలు పొంగించేదాకానే నిలిచింది. పొంగిన పాలు నేల మీద పడితే మరక పోతుందో పోదోనని ఆయన గిన్నె కింద ఇంత వెడల్పాటి పళ్ళెం పెట్టారు. పొంగిన పాలన్నీ బుద్ధిగా పళ్ళెంలో పడ్డాయి. ఆయన వాటిని మళ్ళీ గిన్నెలో పోశారు.

అక్కణ్ణుంచి మరమ్మతులు మొదలయ్యాయి. కర్టెన్లు మేకులక్కర్లేని స్ప్రింగు కడ్డీల మీద వేలాడాయి. బాత్రూం కోసం గోడ ముట్టుకోలేదు. పెద్ద గది మధ్యలో నాలుగు కాళ్ళ మీద అద్దాల పెట్టె ఒకటి లేపారు. ఇంట్లో ఇంకో ఇల్లు అద్దెకి దిగినట్టుంది. ఇటుకల మధ్య సిమెంటు బదులు సున్నం వాడాలని మెరిల్ చెప్పింది. సున్నమైతే మెత్తగా గీరితే వచ్చేస్తుందని తెలిశాక ఆయన ఆ సున్నాన్ని చేత్తో ముట్టుకుని కాసేపు అలా ఉండిపోయారు.

మెరిల్ ఆనందానికి అంతులేదు. ఆవిడ సర్వీసంతా మేకులు కొట్టకండి, గోడలు కొట్టకండి అని జనంతో పోట్లాడటమే. ఇన్నాళ్ళకి దేవుడిలాంటి క్లయింటు దొరికాడు. పక్క ఊళ్ళ పాత ఇళ్ళవాళ్ళని వెంటబెట్టుకొచ్చి, "చూడండి, మిస్టర్ ద్వారకాని చూసి నేర్చుకోండి," అని ఇల్లంతా తిప్పేది. శేషుకుమారి అందరికీ టీలు పెట్టేది.

"ఈ ఇంటి మీద ఉన్న సానుభూతిలో వీసమెత్తు నామీద ఉంటే ఎంత బాగుండేదే," అని కూతురితో వాపోయింది ఓ రోజు.

"మమ్, హీ ఈజ్ హ్యాపీ. లెట్ హిమ్ బీ," అంది కిరణ్మయి, ఊగుతున్న కుర్చీలో ఊగుతూ.

అయితే కొన్నాళ్ళకి మెరిల్‌కే తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటి వెనకాల ఎవరో ఎప్పుడో తగిలించిన చెక్క షెడ్డు ఒకటుంది. దరిద్రంగా ఉంది, పీకి పారెయ్యండి అంది ఆవిడ. "పీకేస్తే మళ్ళీ పెట్టగలమా?" అన్నారీయన. మళ్ళీ ఎందుకు పెడతారో ఆవిడకి అర్థం కాలేదు. ఆయన ప్రతి చెక్కకీ సుద్దముక్కతో నంబరు వేసి, విప్పి, వరస తప్పకుండా పేర్చి, పైన తార్పాలిన్ కప్పారు. ఆ కుప్ప వాస్తవానికి షెడ్డుకన్నా ఎక్కువ చోటు ఆక్రమించింది.

ఇలా ఉండగా ఓ సాయంత్రం శేషుకుమారి నడకకి వెళ్ళింది. ఉపేంద్ర ఇంటి ముందు కౌన్సిల్ క్లీనప్ కోసం పారేసిన సామాన్ల కుప్ప ఉంది. పరుపులు, ట్రెడ్‌మిల్లు, వాటి మధ్య నల్లటి రుబ్బురోలు, పొత్రంతో సహా! ఆ రోలుని ఉపేంద్ర భార్య బిందుమాధవి రాజమండ్రి నుంచి కంటెయినర్లో తెప్పించుకుంది. గుమ్మంలో పెట్టి, నీళ్ళు పోసి, ప్లాస్టిక్ తామరపూలు తేలేసి, అడుగున నీలం లైటు పెట్టింది. ఇప్పుడు ఫ్యాషన్ మారింది. ఇల్లంతా సముద్రపుటొడ్డులా తెల్లగా ఉండాలట.

"ఆంటీ, అది డెకరేషన్ పీసండీ, మీకెందుకు?" అన్నాడు ఉపేంద్ర.

"పచ్చడికి నాయనా."

"ఓ! దాంట్లో పచ్చడి కూడా చేసుకోవచ్చా?"

శేషుకుమారి వాడివంక జాలిగా చూసి మొగుడికి ఫోన్ చేసింది. నలుగురు పట్టి ట్రాలీలో ఎక్కించి ఇల్లు చేర్చారు. "దీన్ని వంటింట్లో నేలలో పాతుదామండీ," అంది ఆవిడ ఆశగా. రుబ్బురోలన్నాక పాతాలి. పాతిన రోలున్న ఇంటిని ఎవరూ వదిలి వెళ్ళరని ఆవిడ లెక్క.

"పాతితే రేపు తియ్యాలంటే వస్తుందా?"

"రాకూడదనే పాతమంటున్నాను!"

ఆయన వారం తిరక్కుండా ఇనప చట్రం చేయించి, నాలుగు చక్రాలు బిగించి, రోలుని దానిమీద కూర్చోబెట్టారు. "బ్రేకు కూడా పెట్టించాను శేషూ! ఎక్కడ కావాలంటే అక్కడికి తోసుకుని రుబ్బుకో," అన్నారు గర్వంగా.

మర్నాడు శేషుకుమారి కందిపచ్చడి రుబ్బడానికి కూర్చుంది. పొత్రం ఓ చుట్టు తిప్పగానే రోలు కూడా సరదాగా ఓ చుట్టు తిరిగింది. రెండో చుట్టుకి బ్రేకు పుటుక్కుమంది. పాత ఇంటి నేల వీధి గుమ్మం వైపు కాస్త వాలుగా ఉంటుందన్న సంగతి ఆ రోలుకి ముందు తెలిసింది. నడవాలోకి దిగి, వేగం పుంజుకుని, వీధి గుమ్మం వైపు ఉరికింది. వెనకాల పొత్రం చంకనెట్టుకుని, "ఓరి నాయనో, ఆపండీ!" అని కేకలేస్తూ శేషుకుమారి. సరిగ్గా అప్పుడే మెరిల్ వీధి తలుపు తీసింది. ఎదురుగా వస్తున్న కొండని చూసి గోడకి అతుక్కుపోయింది. రోలు ఆవిడ బూట్లు రాసుకుంటూ వరండా దాటి, లాన్లో దిగబడి నిలిచింది. లోపల పచ్చడి చెక్కుచెదరలేదు.

"ఇది మీ సంప్రదాయమా?" అంది మెరిల్, ఊపిరి తీసుకుని, చాలా మర్యాదగా.

"కాదు, మా ఆయన," అంది శేషుకుమారి.

ఆ రోజు మెరిల్ వెనక వరండాలో కూర్చుని, కందిపచ్చడి టోస్టు మీద రాసుకుని తింటూ తీర్పు చెప్పింది. పాత షెడ్డు పోయిన చోట కొత్త వంటిల్లు కట్టుకోవచ్చు. అది కొత్త కట్టడం కనక హెరిటేజ్‌తో పేచీ లేదు. కాంక్రీటు పోసుకోవచ్చు, రోలు పాతుకోవచ్చు, డైనోసార్‌ని పాతుకున్నా తనకి అభ్యంతరం లేదు.

"వద్దండీ," అన్నారు ద్వారకానాథ్ గారు. "బోల్టుల చట్రం మీద కడదాం. కాంక్రీటు పోస్తే తియ్యడం ఎలా?"

"ఎందుకు తీస్తారు?"

ఆయన ఆవిడ టోస్టు మీద ఇంకో చెంచా పచ్చడి వేశారు.

"మిస్టర్ ద్వారకా," అంది మెరిల్ నీరసంగా, "నేను చెప్పింది ఇంటికి గీత పడకూడదని. ఇంటిని సూట్‌కేసులో సర్దుకోవచ్చని కాదు."

బిల్డరు పునాదికి చుట్టూ చెక్కలు బిగించి, ఇనప జాలీ పరిచి, పైన కాంక్రీటా బోల్టులా తేల్చమని కూర్చున్నాడు. ఈయన తేల్చలేదు. వారాలు గడిచాయి. శేషుకుమారికి ఇక అనుమానమేమీ మిగల్లేదు. వెళ్ళిపోయే మనిషి కాకపోతే సొంత వంటింటికి ఇన్ని సాకులా? ఓ శనివారం ఆయన బోల్టులు కొనుక్కురావడానికి హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళగానే, ఆవిడ చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి కాంక్రీటు లారీని పిలిపించేసింది.

ద్వారకానాథ్ గారు తిరిగొచ్చేసరికి ఇంటి వెనకాల లారీ డ్రమ్ము గిర్రున తిరుగుతోంది. జాలీ మీద ఓ వారగా రోలు కూర్చుని ఉంది, చక్రాల్లేకుండా. దాని పక్కన కూతురి గమ్‌బూట్లు వేసుకుని శేషుకుమారి. గట్టు మీద కిరణ్మయి, పని చూడ్డానికొచ్చిన మెరిల్. బోల్టుల సంచీ అక్కడే పడేసి ఆయన లారీకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు.

"ఆపండి! శేషూ, ఇది గట్టిపడితే ఇంక తియ్యలేం!"

"తెలుసు."

"ఆలోచించుకో!"

"పాతికేళ్ళుగా ఆలోచించాను. మీకు కాకినాడ వెళ్ళాలనుంటే నిక్షేపంలా వెళ్ళండి. నేను మాత్రం రాను. కాదూ కూడదంటే ఈ రోటితో పాటు నన్నూ ఇక్కడే పాతెయ్యండి!"

ద్వారకానాథ్ గారి చేతులు కిందికి జారాయి. "కాకినాడా? నేనెందుకు వెళ్తాను? వెళ్ళిపోతానన్నది నువ్వు కదా!"

"నేనా? ఎప్పుడు?"

"మనం వచ్చిన కొత్తలో. టూంగాబీలో మొదటి అద్దె ఫ్లాట్లో. వంటింట్లో నేలమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడిచావు. ఈ దేశంలో ఉండలేను, నన్ను ఇంటికి తీసుకుపొమ్మన్నావు. నీకెప్పుడు వెళ్ళాలనిపించినా ఆ మర్నాడే బయల్దేరదీస్తానని మాటిచ్చాను. అందుకే ఏ గోడకీ మేకు కొట్టలేదు, ఏదీ నాటలేదు. నువ్వు వెళ్దాం అన్నరోజున 'అయ్యో, ఇదెలా వదులుకోను, అదెలా పీకను' అనే మాట నా నోట రాకూడదనుకున్నాను."

"మరి ఈ ఇల్లెందుకు కొన్నారు?"

"చూడ్డానికొచ్చిన రోజు నువ్వా వరండాలో నిలబడి నవ్వావు. అలా నవ్వి చాలా రోజులైంది. కొన్నాను. వెళ్దామన్నా అన్నీ ఒక్క పూటలో విప్పెయ్యొచ్చుగా అనుకున్నాను."

లారీ డ్రమ్ము తిరుగుతోంది. శేషుకుమారి నుదురు కొట్టుకుంది.

"అది... అది పోపు పెట్టిన రోజండీ! ఇంగువ పొగకి స్మోక్ అలారం మోగి, బిల్డింగంతా నైటీల్లో బయటికి పరిగెత్తి, ఫైరింజను వచ్చింది చూశారూ, ఆ రోజు! సిగ్గుతో చచ్చిపోయి ఏడిచాను. సాయంత్రానికి మర్చిపోయాను కూడా! పై ఫ్లాటావిడ కేకు తెచ్చిస్తే తిని హాయిగా పడుకున్నాను!"

"మరి నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదే!"

"అడిగితే వెళ్దాం పదండంటావేమోనని భయం. నాకేమో ఇక్కడే బాగుంది."

మెరిల్ కిరణ్మయి భుజం తట్టి, ఏం జరుగుతోందని అడిగింది. "దే బోత్ వాంట్ టు స్టే," అంది కిరణ్మయి కళ్ళు తుడుచుకుంటూ. ఎప్పటినుంచి అంది మెరిల్. "నేను పుట్టక ముందునుంచి, అపారెంట్లీ!"

శేషుకుమారికి ఏడుపూ నవ్వూ కలగలిసి ముంచుకొచ్చాయి. ఇన్నేళ్ళూ ఈ మనిషి గడప దాటడానికి తొందరపడుతున్నారనుకుని భయపడింది. ఆయనేమో తనకోసం ఆ గడప తెరిచి పట్టుకుని, లోపలికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డారు. చప్పటి పప్పు తిన్నారు. జిగురు కొక్కేలు మార్చారు. ఒక్కనాడూ తనమీద నెపం వెయ్యలేదు. ఇంత ప్రేమని ఇంత మొద్దుగా ఎవరైనా చేస్తారా!

"మీ మతిమండ!" అంది ప్రేమగా.

లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సో మేట్, పొయ్యాలా వద్దా? ఇది లోపలే గట్టిపడితే నా లారీ మీ ఇంట్లో ఉండిపోతుంది."

ద్వారకానాథ్ గారు బూట్లు విప్పేసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, జాలీలోకి దిగారు. రోలుని రెండు చేతులా పట్టుకున్నారు. "పొయ్యండి," అన్నారు.

పోశారు. బిల్డరు వద్దంటున్నా వినకుండా, రోలు ఒరగకూడదని లెవెల్ మీటరు పెట్టి చూస్తూ, పక్కన చెక్క మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. శేషుకుమారి టీ తెచ్చి అక్కడే చేతికిచ్చింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ గట్టు మీద కూర్చుని, ఆరుతున్న కాంక్రీటుని బిడ్డ నిద్రపోతుంటే చూసినట్టు చూశారు.

వంటింటికి గోడలు లేచాయి, కప్పు పడింది, రంగులు అయ్యాయి. మొదటి రోజు శేషుకుమారి పీట వేసుకుని గోంగూర పచ్చడికి కూర్చుంది. పొత్రం ఓ చుట్టు తిప్పింది.

"అబ్బా!"

ద్వారకానాథ్ గారు పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది?"

"రోలు గోడకి మరీ దగ్గరగా పాతారండీ! తిప్పినప్పుడల్లా మోచెయ్యి గోడకి కొట్టుకుంటోంది."

ఈసారి ఆవిడ మనసులో ఏమీ దాచుకోలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆయన టేపు తీసి కొలిచారు. రోలు వంక చూశారు. రంగు తడి ఆరని కొత్త గోడ వంక చూశారు. మళ్ళీ రోలు వంక చూశారు. జేబులోంచి ఫోను తీసి మెరిల్‌కి కొట్టారు.

"మెరిల్, వంటింటి గోడ ఒక జానెడు వెనక్కి జరపాలి. కౌన్సిల్ పర్మిషన్ కావాలా?"

"మిస్టర్ ద్వారకా, గోడ బదులు ఆ రాయి జరపొచ్చుగా?"

"రోలెలా జరుపుతాం మెరిల్?" అన్నారాయన, ఆవిడ తెలివితేటలకి ఆశ్చర్యపోతూ. "మేమిక్కడే ఉంటున్నాం కదా!"